అత్తగారి పళ్లెం వేరు చేయకండి, రెండో పరీక్ష చేయించండి

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది నెల్లూరు దగ్గర పల్లె. పదేళ్లుగా చెన్నై పెరంబూరులో ఉంటున్నాం. మా అత్తగారికి 58 ఏళ్లు, షుగరుంది. కంట్లో శుక్లానికి ఆపరేషన్ చేయిద్దామని తీసుకెళ్తే రక్తపరీక్షల్లో హెపటైటిస్ సి కార్డు టెస్టు రియాక్టివ్ అని వచ్చింది. ఆపరేషన్ వాయిదా వేశారు. ఇంకో ల్యాబ్‌లో మెషిన్ మీద చేయిస్తే అదీ రియాక్టివే, పక్కన 6.2 అని అంకె ఉంది. మా బావగారు నమ్మక మరో చిన్న ల్యాబ్‌కి తీసుకెళ్లారు. అక్కడ కార్డులో నాన్ రియాక్టివ్. ‘ఇదే నిజం, ఇక వదిలేయండి’ అంటున్నారు. మా తోడికోడలు మాత్రం అత్తగారి పళ్లెం, గ్లాసు అడుగున ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టి విడిగా ఉంచింది. మా నాలుగేళ్ల బాబుకి రోజూ ముద్దలు కలిపి పెట్టేది అత్తగారే. ఇప్పుడు ఆవిడే భయపడి వాడిని దగ్గరికి రానివ్వడం లేదు. 1993లో మా ఆయన పుట్టినప్పుడు రక్తస్రావం ఎక్కువై రెండు బాటిళ్ల రక్తం ఎక్కించారట. 1997లో మా ఆడపడుచు పుట్టింది, తనకిప్పుడు ఐదో నెల. మూడు రిపోర్టుల్లో ఏది నమ్మాలి? అందరం పరీక్ష చేయించుకోవాలా? ఇన్నేళ్లు ఎవరూ ఎందుకు కనిపెట్టలేదు? ఊళ్లో పసరు మందు ఇప్పిద్దామంటున్నారు. రిపోర్టులన్నీ జత చేశాను.
– ఒక కోడలు, పెరంబూరు

సమాధానం:

అమ్మా, మీరు చివర్లో అడిగినవాటికంటే ముందు ఆ పళ్లెం సంగతి చెబుతాను. ఈ రాత్రి భోజనాలకే దాన్ని తీసి అందరి పళ్లాల్లో కలిపేయండి. హెపటైటిస్ సి అనేది కాలేయానికి పట్టే వైరస్. అది అన్నంలో రాదు, నీళ్లలో రాదు, ఎంగిలిలో రాదు. దగ్గితే రాదు, ముద్దు పెట్టుకుంటే రాదు, ఒకే బాత్‌రూమ్ వాడితే రాదు. ఒకరి రక్తం ఇంకొకరి రక్తంలో కలిస్తేనే వస్తుంది. మీ బాబుకి నాయనమ్మ చేతి ముద్ద వల్ల ఏ హానీ లేదు. పరీక్షల్లో చివరికి ఏం తేలినా సరే, ఈ మాట మారదు. కాబట్టి దీనికోసం ఏ రిపోర్టు కోసమూ ఎదురుచూడనక్కర్లేదు.

వేరుగా ఉంచాల్సినవి వేరే ఉన్నాయి. మీ ఇంట్లో వాటిని ఎవరూ పట్టించుకోలేదనిపిస్తోంది. టూత్ బ్రష్, గోళ్లు తీసే కట్టరు, బ్లేడు, రేజరు. వీటన్నిటికంటే ముఖ్యంగా షుగరు చూసుకునే మెషిన్‌తో వచ్చే సూది. అత్తగారికి షుగరుందన్నారు. చాలా ఇళ్లలో చూశాను: పెద్దావిడకి షుగరు చూశాక ‘నాది కూడా చూడు’ అంటూ అదే పెన్నుతో, ఒక్కోసారి అదే సూదితో ఇంకొకరు వేలు పొడిపించుకుంటారు. అలా జరిగి ఉంటే ఆ అలవాటు ఈ రోజే మానేయండి. ఎవరి పెన్ను వారిది, ప్రతిసారీ కొత్త సూది. పళ్లెం మీద చుక్క పెట్టిన మీ తోడికోడలిని నేను తప్పుపట్టను. ఆమెకి ఎవరూ విడమరిచి చెప్పలేదు, అంతే. మీరు చెప్పండి.

ఇప్పుడు మూడు రిపోర్టుల విషయం. మీ బావగారు వాటిని ఓట్లలా చూస్తున్నారు. రెండు అటు, ఒకటి ఇటు, తనకి నచ్చిన ఓటు మీద నిలబడ్డారు. నాలుగో ల్యాబ్‌కి వెళ్తే మూడు ఒకటో, రెండు రెండో అవుతుంది, చిక్కు మాత్రం విడదు. ఎందుకంటే ఆ మూడు ల్యాబులూ అడిగిన ప్రశ్న ఒక్కటే. ‘ఈ రక్తంలో హెపటైటిస్ సి మీద తయారైన యాంటీబాడీ ఉందా?’ అని. మీకు కావాల్సిన ప్రశ్న అది కాదు. ‘వైరస్ ఇప్పుడు ఒంట్లో ఉందా?’ అన్నది. దీన్ని మూడు చోట్లా ఎవరూ అడగలేదు. మూడుసార్లు సూది గుచ్చించుకున్నా మీ అత్తగారికి అసలు పరీక్ష ఇంతవరకు జరగలేదు.

యాంటీబాడీ అంటే వైరస్‌ను ఎదుర్కోవడానికి మన ఒళ్లు తయారుచేసుకునే పదార్థం. వైరస్ వచ్చిందని చెప్పే అడుగుజాడ అనుకోండి. మనిషి లోపలే ఉన్నాడో, వెనక గుమ్మం గుండా వెళ్లిపోయాడో అడుగుజాడ చూసి చెప్పలేం. వైరస్ సోకిన వారిలో నూటికి సుమారు 30 మందికి మందులేమీ లేకుండానే ఆరు నెలల్లోపు ఒళ్లే దాన్ని తరిమేస్తుంది. మిగతావారిలో అది కాలేయంలో స్థిరపడిపోతుంది. తరిమేసినవారిలో కూడా యాంటీబాడీ ఏళ్ల తరబడి, చాలామందిలో జీవితాంతం ఉండిపోతుంది. మందులతో పూర్తిగా నయమైనవారికీ అంతే. అందుకే రిపోర్టులో ‘పాజిటివ్’ అని కాక ‘రియాక్టివ్’ అని రాస్తారు. ఆ మాట జబ్బుకి పేరు కాదు, రెండో పరీక్ష చేయించమని చెప్పే గుర్తు.

ఆ రెండో పరీక్ష పేరు హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ. వైరల్ లోడ్ అనీ, పీసీఆర్ అనీ కూడా అంటారు. వైరస్ జన్యుపదార్థాన్నే నేరుగా వెతుకుతుంది. కనిపిస్తే వైరస్ ఉంది. కనిపించకపోతే ఇప్పుడు లేదు.

అలాగని మొదటి పరీక్షను చులకన చేయను. నా ఉద్యోగ జీవితంలో సగం దానితోనే గడిచింది. యాంటీబాడీని వెతికే ఒక పద్ధతి పేరు ఎలైసా. దానికి వాడే ప్లేటులో 96 చిన్న గుంటలుంటాయి. అడుగున వైరస్ ప్రొటీన్ల పూత. ఒక్కో గుంటలో ఒక్కో మనిషి సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం వేసి, వెచ్చగా ఉంచి, కడిగి, రెండో ద్రావకం వేసి, మళ్లీ కడిగి, చివర రంగు ద్రావకం వేస్తాం. యాంటీబాడీ ఉన్న గుంట నెమ్మదిగా నీలమవుతుంది. దాని మీద ఒక్క చుక్క ఆమ్లం పడగానే ఆ నీలం పసుపుగా మారిపోతుంది. తెల్లగా మిగిలిన గుంటల మధ్య ఒక్క పసుపు గుంట కనబడితే ఇన్నేళ్ల అనుభవం తర్వాత కూడా నా చెయ్యి ఒక్క క్షణం ఆగేది. ఆ గుంటకి వెనక ఒక ఇల్లుంటుంది కదా.

ఆ పసుపు ఎంత గాఢంగా ఉందో యంత్రం కొలుస్తుంది. హద్దుగా పెట్టుకున్న విలువతో దాన్ని భాగిస్తే వచ్చేదే మీ రెండో రిపోర్టులో ఉన్న 6.2. ఒకటి దాటితే రియాక్టివ్. ఒకటికి కాస్త పైన, 1.2, 1.5 అలా ఉంటే చాలాసార్లు అది తప్పుడు రియాక్టివే అవుతుంది. అంకె పెరిగేకొద్దీ నిజమయ్యే అవకాశం పెరుగుతుంది. ఎంత దాటితే గట్టిగా నమ్మాలన్నది ఒక్కో యంత్రానికి ఒక్కోలా ఉంటుంది కాబట్టి 6.2 చూసి నేను తీర్పు చెప్పను. గాలికి వచ్చిన అంకె కాదని మాత్రం చెబుతాను. మూడో ల్యాబ్ కార్డు సంగతంటారా, కార్డు టెస్టులో ఒక చుక్క ఎక్కువ తక్కువైనా, చెప్పిన నిమిషాలకి ముందో వెనకో చూసినా, సన్నటి గీత ట్యూబ్‌లైటు కింద కంటికి ఆనకపోయినా ఫలితం మారిపోతుంది. మెషిన్ మీద 6.2 వచ్చాక ఒక కార్డు నాన్ రియాక్టివ్ అందని వదిలేయడం సరికాదు. బావగారికి ఈ పేరా చదివి వినిపించండి.

తప్పుడు రియాక్టివ్‌లు ఎందుకు వస్తాయో కూడా తెలుసుకుంటే మంచిది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడతలో సేకరించిన రక్త నమూనాలను పరీక్షిస్తే హెపటైటిస్ సి యాంటీబాడీ ఉన్నవారు 0.32 శాతం అని తేలింది. అంటే వెయ్యి మందికి ముగ్గురు. ఇప్పుడు వెయ్యి మందిలో అయిదుగురి విషయంలో మాత్రమే పొరపడే మంచి పరీక్ష ఒకటి ఉందనుకోండి. వెయ్యి మందికీ చేస్తే దాదాపు ఎనిమిది రియాక్టివ్‌లు వస్తాయి. అందులో నిజమైనవి మూడే! పరీక్ష చెడ్డది కాదు, జబ్బు అరుదు కావడం వల్ల వచ్చే లెక్క ఇది. ఆ ముగ్గురిలోనూ ఒకరి ఒంట్లోంచి వైరస్ ఎప్పుడో వెళ్లిపోయి ఉండొచ్చు. అయితే మీ అత్తగారిని ఆ వెయ్యి మందిలో ఒకరిగా చూడలేం. 1993లో ఎక్కించిన ఆ రెండు బాటిళ్ల రక్తం లెక్కను మార్చేస్తుంది.

ఎందుకంటే, మన దేశంలో దానం చేసిన రక్తానికి హెపటైటిస్ సి పరీక్ష తప్పనిసరి అయింది 2001లో. అంతకుముందు హెచ్‌ఐవీకి, హెపటైటిస్ బికి చూసేవారు. ‘సి’ని ఎవరూ కావాలని వదిలేయలేదు. ఈ వైరస్‌ను గుర్తించిందే 1989లో. 1970ల్లో అమెరికాలో హార్వే ఆల్టర్ రక్తం ఎక్కించుకున్నవారిని గమనిస్తూ, కాలేయం వాస్తోంది గానీ అది ‘ఎ’ కాదు, ‘బి’ కాదు అని తేల్చారు. చాలాకాలం దాని పేరే ‘ఎ కాదు బి కాదు’ హెపటైటిస్. మైకేల్ హౌటన్ బృందం దాని జన్యుపదార్థాన్ని పట్టుకుంది. అదొక్కటే జబ్బుకి కారణమని చార్లెస్ రైస్ నిరూపించారు. 2020లో ముగ్గురికీ నోబెల్ వచ్చింది. మొదటి యాంటీబాడీ పరీక్ష 1990లో వచ్చింది. అప్పట్లో అది చాలా పొరపాట్లు చేసేది, తర్వాతి తరాల కిట్లలో మెరుగుపడుతూ వచ్చింది. నెల్లూరు ప్రాంతంలో 1993లో మీ అత్తగారి ప్రాణం నిలబెట్టిన ఆ రక్తాన్ని ‘సి’కి పరీక్షించకపోవడంలో వింతేమీ లేదు. ఆ రక్తం ఎక్కించకపోతే ఆవిడ ఈ రోజు ఉండేవారు కారేమో. దాన్ని నిందించాల్సిన పని లేదు.

ఇన్నేళ్లు ఎందుకు బయటపడలేదన్న ప్రశ్నకి జవాబు ఈ వైరస్ స్వభావంలోనే ఉంది. ఇది నొప్పి పెట్టదు. చాలామందికి కామెర్లు కూడా రావు. ఇరవై ఏళ్లలో నూటికి 15 నుంచి 30 మందికి కాలేయం గట్టిపడి సిరోసిస్‌గా మారుతుంది, మిగతావారు ఏమీ తెలియకుండానే తిరుగుతుంటారు. వెతికితే తప్ప దొరకదు. ఎవరిలో వెతకాలన్న విషయంలోనే గత పాతికేళ్లలో ఆలోచన బాగా మారింది. మీ ప్రశ్నలు కొన్నిటికి జవాబు అందులోనే ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మొదట్లో ‘ప్రమాదం ఉన్నవారికే చేద్దాం’ అనుకున్నారు. అంటే రక్తం ఎక్కించుకున్నవారు, డయాలిసిస్ రోగులు, సూదులతో మత్తు ఎక్కించుకునేవారు. 1998లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ చెప్పింది అదే. వినడానికి సబబుగానే ఉంది, ఆచరణలో నిలవలేదు. డాక్టరు అడగడానికి మొహమాటపడతాడు, రోగి చెప్పడానికి మొహమాటపడతాడు, ముప్పై ఏళ్ల నాటి కాన్పులో రక్తం ఎక్కించారన్నది ఆ మనిషికే గుర్తుండదు. మీ అత్తగారి విషయమే చూడండి, రిపోర్టు వచ్చాక కదా ఇంట్లో ఆ కథ బయటికొచ్చింది! 2012లో అదే సంస్థ 1945 నుంచి 1965 మధ్య పుట్టిన అందరికీ చేయమంది. 2020కి వచ్చేసరికి పెద్దవాళ్లందరికీ జీవితంలో ఒక్కసారైనా, గర్భిణులకి ప్రతి కాన్పులోనూ చేయమంది. ఎవరి గతాన్నీ తవ్వి అడిగే పని లేకుండా అందరికీ ఒకే మాట. నాకు ఇందులో నచ్చింది ఆ మర్యాదే.

ఈజిప్టు ఇంకా పెద్ద పని చేసింది. అక్కడ 1950ల నుంచి ఒక పరాన్నజీవి వ్యాధికి ఊళ్లకి ఊళ్లు ఇంజెక్షన్లు ఇచ్చారు. సరిగా మరిగించని సూదులతో ఈ వైరస్ దేశమంతా పాకిపోయింది. 2018లో మొదలుపెట్టి కొన్ని నెలల్లోనే దాదాపు 5 కోట్ల మందికి వేలి చివర రక్తంతో పరీక్ష చేసి, రియాక్టివ్ వచ్చినవారికి ఆర్‌ఎన్‌ఏ చేసి, ఉన్నవారికి ఉచితంగా మందులిచ్చారు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్మూలన దారిలో ‘గోల్డ్ టియర్’ గుర్తింపు ఇచ్చిన మొదటి దేశం అదే. మన దగ్గర జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం 2018 జులై 28న మొదలైంది. అందరికీ ఒకసారి అన్నంత దూరం మనం ఇంకా వెళ్లలేదు. మన దగ్గర చాలామందికి ఈ సంగతి బయటపడేది మీ ఇంట్లో లాగానే, ఏదో ఆపరేషన్ ముందో, రక్తదాన శిబిరంలోనో.

రెండో మార్పు నా మనసుకి ఇంకా దగ్గరిది. ఎందుకో చెప్పాలంటే ఒక పాత సంగతి చెప్పాలి.

‘సి’ పరీక్ష తప్పనిసరి అయిన కొత్తలో నేను చెన్నైలోనే ఒక రక్తనిధిలో పనిచేస్తున్నాను. చూళైమేడులో ఉండే ఒక తెలుగబ్బాయి రక్తం ఇచ్చాడు. గుంట లేత పసుపు తేలింది, హద్దుకి కాస్త పైన. మళ్లీ చేశాం, మళ్లీ అంతే. పిలిచి ‘మీరిక రక్తం ఇవ్వకూడదు, కాలేయ డాక్టరును కలవండి’ అని ఒక కాగితం చేతిలో పెట్టాం. అప్పట్లో ఆర్‌ఎన్‌ఏ పరీక్ష అంటే కొన్ని వేల రూపాయలు. అతని జీతానికి అందేది కాదు. మేమూ ‘అది చేస్తేగానీ ఏమీ తేలదు’ అన్న మాట గట్టిగా చెప్పలేదు. నేనే చెప్పలేదు. అయిదారేళ్ల తర్వాత ఒక పెళ్లిలో కనిపించాడు. నిశ్చితార్థం తనే రద్దు చేసుకున్నానని, చివరికి ఉద్యోగం మారాక కంపెనీ ఖర్చుతో ఆర్‌ఎన్‌ఏ చేయిస్తే వైరస్ ఎక్కడా లేదని తేలిందని చెప్పాడు. నా మీద కోపంగా కూడా మాట్లాడలేదు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను. మీకు ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నది కూడా ఆ అబ్బాయి గుర్తొచ్చే.

మొదటి పరీక్షకీ రెండో పరీక్షకీ మధ్య మనుషులు అలా జారిపోతారు. కొందరు భయంతో, కొందరు డబ్బుల్లేక, కొందరు మీ బావగారిలా మూడో కార్డు చూసి ఊపిరి పీల్చుకుని. రియాక్టివ్ వస్తే తప్పకుండా ఆర్‌ఎన్‌ఏతో తేల్చాలని 2013లోనే అమెరికా సంస్థ స్పష్టం చేసింది. అయినా జనం రెండోసారి రాలేదు. దాంతో ఇప్పుడు పద్ధతే మార్చారు. రోగిని మళ్లీ రమ్మనకుండా, మొదటిసారి తీసిన రక్తంతోనే, యాంటీబాడీ రియాక్టివ్ అయితే ల్యాబ్ తనంతట తనే ఆర్‌ఎన్‌ఏ కూడా చేసి ఒకే రిపోర్టు ఇవ్వాలి. దీన్ని రిఫ్లెక్స్ టెస్టింగ్ అంటారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, 2023లో అమెరికా సంస్థ ఇదే చేయమన్నాయి. ల్యాబ్ వైపు నుంచి చూస్తే ఇందులో పెద్ద కష్టం లేదు. మొదట్లోనే ఊదా మూత ట్యూబు ఒకటి అదనంగా నింపి, కొన్ని గంటల్లోపు ప్లాస్మా (రక్తకణాలు తీసేశాక మిగిలే ద్రవం) వేరుచేసి చల్లగా దాచుకుంటే చాలు. ఆర్‌ఎన్‌ఏ సున్నితమైనది, బయట వదిలేస్తే చెడిపోతుంది. యాంటీబాడీ యంత్రంలో ఒకసారి వాడిన ట్యూబునే మళ్లీ వాడితే పక్క నమూనా అంటుకునే ప్రమాదముంది, అందుకే రెండో ట్యూబు. కాబట్టి మీ ఇంట్లో ఇకముందు ఎవరికి చేయించినా ల్యాబ్‌లో ఒక్క మాట అడగండి: ‘రియాక్టివ్ వస్తే ఇదే రక్తంతో ఆర్‌ఎన్‌ఏ కూడా చేస్తారా?’ అని.

యంత్రాలూ చిన్నవయ్యాయి. క్షయకి వాడే జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రం మీదే హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ చేసే కార్ట్రిడ్జ్ ఉంది. వేలి చివర రక్తంతో గంటలో ఫలితం ఇచ్చే రకానికి 2024 జూన్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది. మన దగ్గర పుట్టిన ట్రూనాట్ అనే యంత్రం కూడా ఉంది. బెంగళూరు బిగ్‌టెక్ ల్యాబ్స్ పరిశోధనతో గోవాకి చెందిన మోల్‌బయో తయారుచేసేది. బ్యాటరీ మీద నడుస్తుంది, చిన్న ఊరి ఆసుపత్రిలోనూ పెట్టుకోవచ్చు. ఇంట్లోనే చేసుకునే యాంటీబాడీ కిట్‌కి కూడా 2024 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అర్హత ఇచ్చింది. మీరు మాత్రం దాని జోలికి వెళ్లకండి. యాంటీబాడీ పరీక్ష మీకు ఇక అనవసరం.

ఇక మీరు చేయాల్సింది. అత్తగారిని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో కాలేయ విభాగానికి తీసుకెళ్లండి. సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ ఆసుపత్రి గానీ, మీకు ఇంకా దగ్గరగా ఉన్న స్టాన్లీ గానీ. ఆధార్ కార్డు, మూడు రిపోర్టులూ పట్టుకెళ్లండి. నచ్చనిది దాచకండి, మూడూ చూపించండి. జాతీయ కార్యక్రమం కింద ఈ పరీక్ష, మందులు ఉచితం. ‘హెపటైటిస్ సి రియాక్టివ్, వైరల్ లోడ్ చేయించాలి’ అని అడగండి. మీకు తమిళం వచ్చు కాబట్టి ఇబ్బంది ఉండదు, ఆవిడని మాత్రం ఒక్కరినే పంపకండి.

ఫలితం ‘నాట్ డిటెక్టెడ్’ అని వస్తే వైరస్ లేదు. ఈ మధ్యకాలంలో కొత్తగా సోకే అవకాశమేదీ మీరు రాయలేదు కనుక సాధారణంగా అక్కడితో అయిపోతుంది. ఇంకోసారి చూద్దామని డాక్టరు అంటే చేయించండి. ఆ కాగితాన్ని లామినేట్ చేయించి ఉంచుకోండి. ఎందుకంటే ఏ ఆపరేషన్‌కి వెళ్లినా కార్డు మళ్లీ రియాక్టివ్ అనే అంటుంది, మళ్లీ ఇంట్లో ఇదే గొడవ మొదలవుతుంది.

వైరస్ ఉందని తేలినా కుంగిపోకండి. నేను ఉద్యోగంలో చేరినప్పుడు దీనికి ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లుండేవి. నెలల తరబడి, కొందరికి ఏడాది దాకా. జ్వరం, నీరసం, జుట్టు రాలడం, అంతా భరించాక కూడా చాలామందికి నయమయ్యేది కాదు. ఇప్పుడు సోఫోస్‌బువిర్, డక్లాటాస్‌విర్ మాత్రలు. సిరోసిస్ లేనివారికి రోజుకోసారి, 12 వారాలు. అంటే 84 రోజులు. నూటికి 95 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. కాలేయం ఇప్పటికే గట్టిపడి ఉంటే మందుల జత మారుతుంది, కొందరికి కాలం పెరుగుతుంది. మాత్రలు ఆపిన 12 వారాలకి మళ్లీ ఆర్‌ఎన్‌ఏ చేసి లేదని తేలితే నయమైనట్టే.

కాలేయం ఎంత దెబ్బతిందో అంచనాకి మీ రిపోర్టుల్లోనే కొంత సమాచారముంది. వయసు 58, కాలేయ ఎంజైములైన ఏఎస్‌టీ 62, ఏఎల్‌టీ 71, రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు లక్షా 48 వేలు. వీటితో ‘ఫిబ్-4’ అని ఒక లెక్క ఉంది. వయసుని ఏఎస్‌టీతో గుణించి, దాన్ని ప్లేట్‌లెట్ల అంకె (వేలల్లో), ఏఎల్‌టీ వర్గమూలం, ఈ రెంటి లబ్ధంతో భాగించాలి. నేను వేస్తే 2.88 వచ్చింది. 1.45 కంటే తక్కువుంటే నిశ్చింత, 3.25 దాటితే కాలేయం బాగా గట్టిపడి ఉండొచ్చన్న అనుమానం. మీ అత్తగారిది మధ్యలో ఉంది, పై గీతకి కాస్త దగ్గరగా. షుగరున్నవారికి కాలేయంలో కొవ్వు వల్ల కూడా ఈ అంకెలు ఇలా పెరుగుతాయి కాబట్టి దీన్నిబట్టి ఏదీ ఖాయం చేసుకోకండి. కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ చేయమని డాక్టరును అడగండి. ఈ ఒక్క అంకె వల్లే ‘వదిలేయండి’ అన్న మాటకి నేను గట్టిగా అడ్డం చెబుతున్నాను.

మందులు మొదలుపెట్టే ముందు మూడు సంగతులు. హెపటైటిస్ బి పరీక్ష తప్పకుండా చేయించాలి. ‘సి’ తగ్గుతుంటే లోపల దాక్కున్న ‘బి’ విజృంభించవచ్చు. ఆవిడ వాడే ప్రతి మాత్రా డాక్టరుకి చూపించాలి, ముఖ్యంగా గ్యాస్ మాత్రలు, గుండె మాత్రలు. గ్యాస్ మాత్ర మందే కాదన్నట్టు మన ఇళ్లలో ఎవరూ దాని పేరు చెప్పరు. కానీ ఈ చికిత్సలో వాడే కొన్ని మందులు దానివల్ల ఒంటికి సరిగా పట్టవు. మూడోది, వైరస్ తగ్గేకొద్దీ షుగరు కూడా దిగొచ్చు. రోజూ చూస్తూ ఉండండి, సొంత పెన్నుతో.

ఎవరెవరు పరీక్ష చేయించుకోవాలి? అందరికంటే ముందు మీ ఆడపడుచు, ఈ వారంలోనే. అత్తగారి ఆర్‌ఎన్‌ఏ కోసం ఆగక్కర్లేదు. 1993 తర్వాత పుట్టింది తనొక్కతే. వైరస్ ఉన్న తల్లి నుంచి బిడ్డకి వచ్చే అవకాశం నూటికి అయిదారు మాత్రమే. అయినా ఇప్పుడు తన కడుపులో ఇంకో బిడ్డ ఉంది, గర్భిణులకి ఈ పరీక్ష ఎలాగూ మంచిది. యాంటీబాడీ లేదని వస్తే అక్కడితో సరి. ఉంటే ఆర్‌ఎన్‌ఏ. ఒకవేళ వైరస్ ఉన్నా సాధారణంగా మందులు కాన్పు తర్వాతే మొదలుపెడతారు, తల్లిపాలు ఇవ్వొచ్చు. పుట్టిన బిడ్డ ఒంట్లో తల్లి యాంటీబాడీలు 18 నెలల దాకా ఉండొచ్చు కాబట్టి, ఆ లోపు బిడ్డకి యాంటీబాడీ రియాక్టివ్ వచ్చినా జబ్బు వచ్చినట్టు కాదని ఆమెకి ముందే చెప్పి ఉంచండి.

మీ బావగారు ఆ రక్తం ఎక్కించకముందే పుట్టారు. మీ ఆయన పుట్టాక కదా ఎక్కించింది, తల్లిపాల ద్వారా ఇది రాదు. ఇద్దరికీ పుట్టుకతో వచ్చే దారి లేదు. మామగారు ఒకసారి చేయించుకుంటే మంచిది. దంపతుల మధ్య సోకడం చాలా అరుదు, కానీ ముప్పై ఏళ్లుగా ఒకే ఇంట్లో బ్లేడ్లు, సూదులు ఎలా వాడారో ఎవరికి గుర్తుంటుంది? షుగరు సూది పంచుకున్నవారు ఎవరున్నా వారు కూడా. మీరూ, బాబూ భయపడి పరుగెత్తాల్సిన పని లేదు.

పసరు మందు వద్దమ్మా. నేల ఉసిరిని ఇక్కడ కీళానెల్లి అంటారు, మీరూ వినే ఉంటారు. చెన్నైలోనే తియాగరాజన్ బృందం దాన్ని హెపటైటిస్ బి ఉన్నవారి మీద పరీక్షించి 1988లో లాన్సెట్ పత్రికలో ఆశ కలిగించే ఫలితాలు ప్రచురించింది. ‘బి’ వైరస్‌ను కనిపెట్టిన బ్లంబర్గ్ కూడా అందులో ఉన్నారు. తర్వాత ఇతర చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. పైగా అది ‘బి’ గురించి, ‘సి’ గురించి కాదు. ఊళ్లో ఇచ్చే పసరులో ఏ ఆకులు కలిపారో తెలియదు, దెబ్బతిన్న కాలేయానికి అది ఇంకో బరువు కావచ్చు. 84 రోజుల మాత్రలతో పోయే జబ్బుకి ఆ సాహసం ఎందుకు? చేతి మీద వాతలు పెట్టించే మాట వస్తే అసలు ఒప్పుకోకండి.

కంటి ఆపరేషన్ సంగతి మిగిలింది. హెపటైటిస్ సి రియాక్టివ్ అయినంత మాత్రాన శుక్లం ఆపరేషన్ చేయకూడదని ఎక్కడా లేదు. ప్రతి రోగి రక్తాన్నీ ప్రమాదకరమైనదిగానే భావించి చేతి తొడుగులు, పరికరాల శుద్ధి పాటించడం ఆసుపత్రుల్లో అందరికీ వర్తించే నియమం. కాలేయ డాక్టరు దగ్గర ‘ఆపరేషన్‌కి అభ్యంతరం లేదు’ అని ఒక కాగితం రాయించుకుని కంటి ఆసుపత్రికి వెళ్లి తేదీ అడగండి. వైరస్ చికిత్స పూర్తయ్యేదాకా ఆగమంటే కారణం ఏమిటో అడిగి రాయించుకోండి. ఆవిడ చూపు మసకగా ఉండి తడబడి పడిపోతే అది ఇంకో కష్టం.

ఆర్‌ఎన్‌ఏ రిపోర్టు రాగానే నాకు పంపండి. అందులో అంకెతో పాటు ‘ఐయూ పర్ ఎంఎల్’ అన్న ప్రమాణం, పరీక్ష చేసిన యంత్రం పేరు ఉంటాయి, ఆ పేజీ మొత్తం ఫొటో తీయండి. ఫైబ్రోస్కాన్ అయితే కిలోపాస్కల్స్‌లో వచ్చే అంకె, ఆవిడ వాడే మాత్రల చీటీ కూడా. ఆడపడుచు రిపోర్టు దానికంటే ముందు వస్తే ముందే పంపండి.